క్రియాటినిన్ నార్మలే, మరి మందు ఎందుకు ఎక్కువైంది?

ఎనభై ఏళ్ల పెద్దావిడ. బరువు 45 కిలోలు. మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.0 అని వచ్చింది. ల్యాబ్ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఆ అంకె పక్కన నక్షత్రం గుర్తు లేదు. మామూలు పరిధిలోనే ఉందన్నమాట. కొడుకు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ "నీ కిడ్నీలకేం కాలేదమ్మా, భేషుగ్గా ఉన్నాయి" అంటాడు. అదే రోజు అదే ల్యాబులో 70 కిలోల బరువున్న ముప్పై ఏళ్ల కుర్రాడికీ క్రియాటినిన్ 1.0 వచ్చింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఇద్దరి మూత్రపిండాలూ ఒకేలా పనిచేస్తున్నాయనే అనుకుంటాం.

లెక్క వేసి చూద్దాం. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చిన సూత్రం మందుల మోతాదు నిర్ణయించడానికి ఇప్పటికీ వాడుకలో ఉంది. 140లోంచి వయసు తీసేసి, మిగిలినదాన్ని బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించాలి. ఆడవాళ్లకైతే చివర 0.85తో గుణించాలి. వచ్చేది మూత్రపిండాల వడపోత వేగం. కుర్రాడికి నిమిషానికి సుమారు 107 మిల్లీలీటర్లు వస్తుంది. పెద్దావిడకు 32. మూడో వంతు కూడా లేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. క్రియాటినిన్ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. వయసు పైబడేకొద్దీ కండ కరుగుతుంది కాబట్టి ఆ వ్యర్థం తయారవడమే తగ్గుతుంది. మూత్రపిండాల వడపోత కూడా తగ్గుతుంది. రాబడీ తగ్గింది, ఖర్చూ తగ్గింది, ఖాతాలో నిల్వ మాత్రం ఎప్పటిలాగే కనిపిస్తోంది. ఆ నిల్వను చూసి కుర్రాడికిచ్చిన డోసే ఆవిడకూ ఇస్తే, మూత్రం ద్వారా బయటికి పోవలసిన మందు ఒంట్లోనే పేరుకుంటుంది. గుండెకు ఇచ్చే డిగాక్సిన్, నరాల మంటలకు ఇచ్చే ప్రీగాబాలిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగాట్రాన్ ఈ కోవలోవే.

పెద్దవాళ్లకు మందు వికటించినప్పుడు ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "మరిచిపోయి రెండుసార్లు వేసుకున్నట్టుంది." కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ ఆ మాత్ర ఆవిడ చేతికి రాకముందే, దాన్ని ఎవరిమీద పరీక్షించారు, డోసు ఎవరి ఒంటికి సరిపోయేలా లెక్కగట్టారు, అట్ట మీద అక్షరాలు ఎవరి కళ్లకు ఆనేలా అచ్చువేశారు అన్న చోట్ల జరిగిన పొరపాట్లు అంతకన్నా ఎక్కువ. నేరం మాత్రం మతిమరుపు మీద పడుతుంది.

ఒంట్లో మారేది కిడ్నీ ఒక్కటే కాదు

వయసుతో ఒంట్లో నీటి పాలు తగ్గి, కొవ్వు పాలు పెరుగుతుంది. కొవ్వులో కరిగే మందులకు ఇది పెద్ద గిడ్డంగి దొరికినట్టు. డయజెపామ్ అనే పాత నిద్రమాత్ర సంగతే తీసుకోండి. వేసుకున్న మందులో సగం ఒంట్లోంచి పోవడానికి ఎంతసేపు పడుతుందో 1975లో కొలిచారు. ఇరవై ఏళ్లవాళ్లలో సుమారు 20 గంటలు, ఎనభై ఏళ్లవాళ్లలో 80 నుంచి 90 గంటలు. వయసు ఎన్నేళ్లో దాదాపు అన్ని గంటలు! సోమవారం రాత్రి వేసుకున్న మాత్రలో సగం గురువారానికీ ఒంట్లోనే ఉంటుంది. మంగళ, బుధవారాల మాత్రలు దానిమీద చేరతాయి. పైగా వయసు మళ్లిన మెదడు ఇలాంటి మందులకు తొందరగా లొంగిపోతుంది. తెల్లవారుజామున బాత్రూముకని లేచి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న మనిషిని చూసి గచ్చు తడిగా ఉందని తిట్టుకుంటాం. తలగడ పక్కనున్న స్ట్రిప్ వైపు ఎవరి చూపూ పోదు.

లేచి నిలబడగానే రక్తనాళాలు బిగుసుకుని బీపీని నిలబెట్టే ఏర్పాటు కూడా వయసుతో మందగిస్తుంది. అందుకే కూర్చోబెట్టి చూసిన బీపీ ఒక్కటే చాలదు. నిలబెట్టి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. రద్దీ ఆస్పత్రిలో ఈ రెండు నిమిషాలే దొరకవు.

పరీక్షించింది ఒకరి మీద, వాడేది మరొకరు

బ్రిటన్‌లో 1980లో బెనాక్సాప్రొఫెన్ అనే కీళ్లనొప్పుల మందు ఓప్రెన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. కీళ్లనొప్పులు ఎక్కువగా ఎవరికి ఉంటాయో వేరే చెప్పాలా? వాడినవాళ్లలో చాలామంది వృద్ధులే. వాళ్ల ఒంట్లో ఈ మందు పడుచువాళ్లలో కన్నా దాదాపు మూడు రెట్ల సమయం నిలిచి ఉంటుందన్నది ఆలస్యంగా బయటపడింది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని అరవై మందికి పైగా చనిపోయినట్టు ఫిర్యాదులు నమోదయ్యాక 1982 ఆగస్టులో దాన్ని ఉపసంహరించారు. ఎవరి కోసం మందు తయారుచేశారో వాళ్ల ఒంట్లో అది ఎలా నడుస్తుందో ముందుగా సరిగ్గా చూడకపోవడం వల్ల జరిగిన ఘోరం అది.

మందు మంచిదై ఉండి, పరీక్ష కూడా నిజాయితీగా జరిగిన చోట ఏమవుతుందో కెనడాలో కనిపించింది. నా దృష్టిలో ఇంకా ఎక్కువ నేర్పే కథ అదే. గుండె బలహీనపడినవాళ్లకు స్పైరనోలాక్టోన్ అనే చవక మందు ఇస్తే మరణాలు 30 శాతం తగ్గుతాయని 1999లో రేల్స్ అనే అధ్యయనం తేల్చింది. గొప్ప వార్తే. ఆంటారియో రాష్ట్రంలో డాక్టర్లు వెంటనే దాన్ని రాయడం మొదలుపెట్టారు. అధ్యయనంలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 65. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లనూ, రక్తంలో పొటాషియం ఎక్కువున్నవాళ్లనూ అసలు చేర్చుకోలేదు. చేరినవాళ్లకు తరచుగా రక్తపరీక్షలు చేశారు. ఆంటారియోలో మందు వాడినవాళ్ల వయసు అంతకన్నా పదేళ్లకు పైగా ఎక్కువ. పరీక్షలు చేయించే శ్రద్ధ అందరికీ ఒకేలా లేదు. స్పైరనోలాక్టోన్‌లాగే పొటాషియాన్ని పెంచే బీపీ మందులు అప్పటికే వాళ్ల చీటీల్లో ఉన్నాయి. ఫలితం 2004లో లెక్కలతో సహా ప్రచురితమైంది. అలాంటి రోగుల్లో పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవారు 1994లో వెయ్యికి 2.4 మంది, 2001లో 11 మంది. ఆ కారణంతో చనిపోయినవారు వెయ్యికి 0.3 నుంచి 2కు పెరిగారు.

ఇక్కడ మందు దోషం లేదు. అధ్యయనం చెప్పింది అబద్ధమూ కాదు. 65 ఏళ్ల వ్యక్తికి, పరీక్షలు సక్రమంగా చేయించుకునే వ్యక్తికి వచ్చిన జవాబును 78 ఏళ్ల మరో వ్యక్తికి యథాతథంగా అంటించారు, అంతే.

నియంత్రణ సంస్థలకు ఇది తెలియక కాదు. అమెరికా, ఐరోపా, జపాన్ సంస్థలు కలిసి 1993లోనే ఒక మార్గదర్శకం తెచ్చాయి. పెద్దవాళ్లు కూడా వాడే మందైతే పరీక్షల్లో కనీసం వందమంది వృద్ధులుండాలని అందులో ఉంది. వందమంది! కోట్లమంది మింగబోయే మాత్రకు వందమంది సాక్షులు. అందులో 75 దాటినవాళ్లు, నాలుగైదు జబ్బులున్నవాళ్లు ఎందరన్నది వేరే ప్రశ్న. ఆ లోటు గుర్తించి 2010లో దానికి వివరణలు చేర్చారు. మన దేశంలో 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నిబంధనలు కూడా వృద్ధులకు ఎక్కువగా వచ్చే జబ్బుల మందులను వాళ్లమీద చెప్పుకోదగ్గ సంఖ్యలో పరీక్షించాలనే అంటున్నాయి. చెప్పుకోదగ్గ సంఖ్య అంటే ఎంత? 2011 జనగణన నాటికే అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైగా ఉన్న దేశంలో ఆ మాటకు ఒక అంకె ఉంటే బాగుండేది.

ఇదంతా చదివి పెద్దవాళ్లకు మందులు తగ్గించేస్తే సరిపోతుందని తీర్మానించుకుంటే మరో గోతిలో పడతాం. ఎనభై దాటినవాళ్లకు బీపీ మందులు మంచికన్నా చెడే చేస్తాయేమోనన్న భయం వైద్యుల్లో చాలాకాలం ఉండేది. ఎనభై దాటిన 3,845 మందితో జరిగిన హైవెట్ అధ్యయనం 2008లో ఆ భయాన్ని తుడిచేసింది. మందు వేసుకున్నవాళ్లలో మరణాలు 21 శాతం, గుండె వైఫల్యం 64 శాతం తగ్గాయి. "ఈ వయసులో ఇంకా మందులెందుకులే" అని వదిలేయడం కూడా పెద్దలపట్ల అన్యాయమే. తెలియాలంటే వాళ్లమీదనే పరీక్షించాలి. మరో దారి లేదు.

జాబితాలు, వాటి హద్దులు

అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లో, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టిక ఒకటి తయారుచేశాడు. బీర్స్ జాబితా అని పేరు పడిపోయింది. అక్కడి వృద్ధుల వైద్య సంఘం దాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తోంది. 2023లో కూడా సవరించింది. మనకు బాగా తెలిసిన పేర్లే అందులో ఉంటాయి: చక్కెర మరీ పడిపోయేలా చేసే గ్లిబెన్‌క్లమైడ్, డయజెపామ్ వంటి నిద్రమాత్రలు, జలుబు బిళ్లల్లో ఉండే మత్తెక్కించే పాతకాలపు అలర్జీ మందులు. ఐర్లండ్‌లోని కార్క్ నగర వైద్యులు 2008లో మరో జాబితా తెచ్చారు. అందులో ఆపాల్సినవి ఒక వైపు, అవసరమై ఉండీ రాయకుండా వదిలేసినవి మరో వైపు ఉంటాయి. ఈ రెండో వైపు ఉండడం వల్లనే నాకు అది ఎక్కువ నచ్చుతుంది.

అమెరికాలో స్థిరపడిన పిల్లలకు ఇక్కడ చిన్న మాట. అమ్మానాన్నల కోసం సూట్‌కేసులో తెచ్చే నొప్పి మాత్రల డబ్బాల్లో రాత్రిపూట వేసుకునే రకం ఒకటుంటుంది. చాలావాటిలో పారాసెటమాల్‌తోపాటు డైఫెన్‌హైడ్రమిన్ కలిసి ఉంటుంది. నోరెండడం, మలబద్ధకం, మూత్రం బిగుసుకుపోవడం, మగత, ఒక్కోసారి మతి తప్పినట్టు మాట్లాడడం దాని గుణాలు. బీర్స్ జాబితాలో అది ఎప్పటినుంచో ఉంది. డాక్టరు చీటీ లేకుండా దొరుకుతుంది కాబట్టి మెతక మందు అనుకోవడం పొరపాటు.

అయితే జాబితాలతోనే పని అయిపోదు. అమెరికాలో 2007 నుంచి 2009 వరకు మందుల దుష్ఫలితాలతో అత్యవసరంగా ఆస్పత్రిలో చేరిన 65 ఏళ్లు దాటినవాళ్ల లెక్క తీస్తే, మూడింట రెండు వంతులకు కారణమైనవి నాలుగే రకాలు: రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఇన్సులిన్, ఆస్పిరిన్ తరహా గుండె మాత్రలు, షుగరు బిళ్లలు. పెద్దలకు ఇవ్వకూడనివిగా పేరుపడ్డ మందుల వాటా 1.2 శాతమే. అంటే ఎక్కువ హాని చేస్తున్నవి అనవసరపు మందులు కావు, తప్పనిసరైన మందులే. వాటిని మానిపించలేం. డోసును ఒంటికి తగ్గట్టు కత్తిరించాలి, ఆ తరువాత కనిపెట్టి ఉండాలి. ఇన్సులిన్ వేసుకుని అన్నం సహించక రెండు ముద్దలతో లేచిన తాతగారి సంగతి ఏ జాబితాలోనూ ఉండదు, ఇంట్లోవాళ్ల కంట్లో ఉండాలి.

మందు తెచ్చిన మందు

బీపీకి ఆమ్లోడిపిన్ రాశారు. కొన్నాళ్లకు కాళ్లు వాచాయి. ఆ మందుకు అది తెలిసిన గుణమే. కానీ వాపు చూపించడానికి వెళ్లింది వేరే డాక్టరు దగ్గరికి. ఆయన నీరు తీసే బిళ్ల రాశారు. దాంతో రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోంది. ఇంకో చోట చెబితే మూత్రాశయాన్ని నెమ్మదింపజేసే మాత్ర వచ్చింది. దానివల్ల నోరెండి, మలబద్ధకం పట్టుకుంది. విరేచనానికి పొడి. ఒక్క బీపీ బిళ్ల నాలుగు మందుల సంసారమైంది. దీన్ని మందుల గొలుసు అనవచ్చు.

మన దగ్గర తరచుగా కనిపించే గొలుసు ఇంకొకటి. తల తిరుగుతోందంటే సిన్నరిజిన్ రాస్తారు. నాలుగు రోజులకు రాసిన మాత్రను నాలుగు నెలలు వాడతారు, ఎందుకంటే మందుల షాపులో పాత చీటీ చూపిస్తే ఇచ్చేస్తారు. పెద్దవాళ్లలో ఇది కొందరికి చేతులు వణకడం, నడక నెమ్మదించడం, ముఖంలో కదలిక తగ్గడం తెస్తుంది. అచ్చం పార్కిన్సన్స్ జబ్బులాగే ఉంటుంది. దానికి మళ్లీ మందు. నిజానికి మొదటి మాత్ర ఆపితే చాలామందిలో ఆ లక్షణాలు నెలల మీద తగ్గిపోతాయి. ఈ గొలుసులో ఏ డాక్టరూ తప్పుడు మనిషి కాదు. ప్రతి ఒక్కరూ తమ ముందున్న బాధకు సరైన మందే రాశారు. "ఈ కొత్త బాధ పాత మందుల్లో దేనివల్లనైనా వచ్చిందా?" అని అడగడం మాత్రం ఎవరి వంతుకూ రాలేదు.

అట్ట, అక్షరం, మూత

పసిపిల్లలు తెరవలేని మూతలుండాలని అమెరికాలో 1970లో చట్టం వచ్చింది. పెద్దవాళ్లు తెరవగలరో లేదో చూడటానికి 18 నుంచి 45 ఏళ్లవాళ్లతో తెరిపించి చూసేవారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినవాళ్లు ఆ మూతలు తీయలేక, ఒకసారి తీశాక అలాగే వదిలేసేవారు. మనవల చేతికి అందేవి ఆ డబ్బాలే. 1995లో నిబంధన మార్చి 50 నుంచి 70 ఏళ్లవాళ్లతో పరీక్షించడం మొదలుపెట్టారు. డెబ్బై దాటినవాళ్లు ఇప్పటికీ ఆ పరీక్షలో లేరు.

మన దగ్గర డబ్బాల కన్నా స్ట్రిప్పులే ఎక్కువ. పది మాత్రల స్ట్రిప్పులోంచి నాలుగు కావాలంటే కత్తెరతో కత్తిరించి ఇస్తారు. మందు పేరు, గడువు తేదీ ఏ ముక్కలో మిగిలాయో అదృష్టం. మా ఇంట్లో అలాంటి ముక్క ఒకటి మిగిలింది. దాని మీద రెండు అంకెలు, ఒక గీత తప్ప ఏమీ లేవు. అది గ్యాస్ బిళ్లా, గుండె బిళ్లా అన్నది తేల్చలేక పారేశాం. బ్రాండు పేర్ల చిక్కు దీనికి తోడు. ఒకే మందును ఇద్దరు డాక్టర్లు రెండు బ్రాండుల పేరుతో రాస్తే, ఇంట్లోవాళ్లు రెండూ వేరనుకుని రెండూ వేస్తారు. బ్రాండు పేరు కన్నా అసలు మందు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ ఆ అక్షరాలు ఇంగ్లిషువి, అల్యూమినియం రేకు మీద మెరుస్తూ ఉంటాయి. 2023 ఆగస్టు నుంచి 300 ప్రముఖ బ్రాండులకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. దొంగ మందులు పట్టుకోవడానికి అది పనికొస్తుంది. రాత్రి తొమ్మిదింటికి తెల్ల మాత్ర ఏదో, లేత పసుపు మాత్ర ఏదో పోల్చుకోలేక కూర్చున్న తాతగారికి పనికిరాదు.

అట్ట మీది అక్షరం ప్రాణం తీయగలదని చెప్పడానికి మెథోట్రెక్సేట్ చాలు. దీనితో తెలుగువారికి చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహించిన 1940లలో, ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు అక్కడ తయారయ్యాయి. వాటిలో ఇదొకటి. మొదట క్యాన్సర్‌కు వాడారు. తరువాత చిన్న డోసులో కీళ్లవాతానికి మంచి మందైంది. ఆ జబ్బుకు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మిగతా మాత్రలన్నీ రోజూ వేసుకునే మనిషి దీన్నొక్కదాన్నీ వారానికోసారి వేసుకోవాలని గుర్తుంచుకోవాలి! ఇలాంటి పొరపాట్లు ఆగకపోవడంతో ఐరోపా మందుల సంస్థ 2019లో కొన్ని మార్పులు కోరింది. విడి మాత్రలు సీసాల్లో పోసి అమ్మకూడదు, విడివిడి గుంటల అట్టల్లోనే ఇవ్వాలి. వారానికోసారి అన్న హెచ్చరిక కొట్టొచ్చినట్టు ఉండాలి. ఏ రోజు వేసుకోవాలో రాసుకునే కార్డు కూడా ఇవ్వాలి. మందు మారలేదు, మందు రసాయనం మారలేదు. అట్ట మారింది. నిజానికి డాక్టరు చీటీ మీద "వారానికి ఒకసారి" అనడం కన్నా "ప్రతి ఆదివారం" అని తెలుగులో రాస్తే చాలా ప్రమాదం తప్పుతుంది.

మింగలేని పెద్దలకు మాత్ర పొడిచేసి తేనెలోనో మజ్జిగలోనో కలిపి ఇవ్వడం ఇళ్లలో మామూలే. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్ లాంటి అక్షరాలుంటే ఆ పని చేయకూడదు. రోజంతా కొద్దికొద్దిగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. బీపీకి ఇచ్చే నిఫెడిపిన్ రిటార్డ్ (నెమ్మదిగా విడుదలయ్యే రకం) మాత్రను ఇలా నలిపితే బీపీ అమాంతం పడిపోవచ్చు. అదే మందు ద్రవరూపంలోనో, మరో రకంలోనో దొరుకుతుందేమో అడగడం మేలు.

చెబితే వింటారా?

వింటారు. కెనడాలోని క్యూబెక్‌లో ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వాడుతున్న 303 మంది వృద్ధులతో జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. సగం మందికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ఈ మాత్ర వయసులో ఎందుకు ప్రమాదం, వారాల మీద కొంచెం కొంచెంగా ఎలా తగ్గించాలి అన్నది మామూలు మాటల్లో బొమ్మలతో ఉంది. ఆరు నెలల తరువాత చూస్తే పుస్తకం అందినవాళ్లలో 27 శాతం, అందనివాళ్లలో 5 శాతం పూర్తిగా మానేశారు. మందుల షాపు ఫార్మసిస్టు రోగికి పుస్తకమూ, డాక్టరుకు ఉత్తరమూ పంపేలా చేసిన తరువాతి అధ్యయనంలో నిద్రమాత్రలతోపాటు మరికొన్ని మందులనూ చేర్చారు. అందులో పుస్తకం అందినవాళ్లలో 43 శాతం, అందనివాళ్లలో 12 శాతం మానేశారు. "పెద్దవాళ్లకు చెప్పినా అర్థం కాదు" అనేవాళ్లకు ఈ అంకెలు చూపించాలి. మన రాష్ట్రాల్లో అల్ప్రజోలామ్ అనే నిద్రమాత్ర వాడకం ఎంతుందో ఏ ఊరి మందుల షాపువారిని అడిగినా చెబుతారు. అలాంటి పుస్తకం తెలుగులో ఇంటింటికీ వెళ్లేలా ఏ ప్రభుత్వమైనా వేయించవచ్చు, పెద్ద ఖర్చేమీ కాదు. ఒక హెచ్చరిక: నిద్రమాత్రలు గానీ, అటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటి గుండె మందులు గానీ ఉన్నపళంగా మానకూడదు. తగ్గించే పద్ధతి డాక్టరే చెప్పాలి.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం పొట్లాలతో, నొప్పి మాత్రలతో, అమెరికా డబ్బాలతో సహా ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు గుమ్మరించాలి. ఒక్కొక్కటీ దేనికి, ఇంకా కావాలా అని అడగాలి. మందు పడలేదనిపిస్తే ఆ సంగతి నమోదు చేయడానికి 2010లో మొదలైన జాతీయ ఏర్పాటు ఉంది. 1800-180-3024 నంబరుకు డాక్టర్లే కాదు, రోగులూ ఇంట్లోవాళ్లూ ఫోన్ చేయవచ్చు. పెద్దవాళ్లలో మందులు ఎలా నడుస్తున్నాయో తెలిసేది చాలావరకు ఇలాంటి ఫిర్యాదుల నుంచే.

మొదట చెప్పిన పెద్దావిడ దగ్గరికి మళ్లీ వద్దాం. మూత్రపిండాల వడపోత 60 పైన ఉంటే ప్రీగాబాలిన్ గరిష్ఠ డోసు రోజుకు 600 మిల్లీగ్రాములు. 30 నుంచి 60 మధ్య ఉంటే 300. ఆవిడకు 32 కాబట్టి 300 దాటకూడదు. వచ్చే ఏడాదికి ఆవిడకు 81 వస్తాయి. ఈలోగా ఒక జ్వరం వచ్చి మూడు కిలోలు తగ్గిందనుకోండి. క్రియాటినిన్ అదే 1.0. సూత్రంలో వేస్తే 29 వస్తుంది. 30 కన్నా కిందికి వచ్చింది కాబట్టి గరిష్ఠ డోసు 150కి దిగాలి. ల్యాబ్ కాగితం మీద ఈసారీ నక్షత్రం గుర్తు ఉండదు.